పొద్దు ప్రకారం అడగాలి, పద్దు ప్రకారం చదవాలి

అనంతపురంలో ఉంటూ కళ్యాణదుర్గం దగ్గరి బడికి రోజూ బస్సులో వెళ్లొచ్చే ఒక టీచరమ్మను ఊహించుకుందాం. షుగర్ వచ్చి రెండేళ్లయింది. రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టదు. జీతం ఇరవయ్యో తేదీకే ఎట్లా అయిపోతోందో అర్థం కాదు. ఈ మూడింటినీ ఒక దారికి తెచ్చుకోవాలని ఫోన్‌లో గూగుల్ ఫారం ఒకటి తయారు చేసుకుంది. రోజూ రాత్రి పడుకునే ముందు తనకు తాను వేసుకునే ప్రశ్నలు అందులో 31. ఆరోగ్యం కింద తొమ్మిది, తిండి కింద ఆరు, డబ్బు కింద ఐదు, నిద్ర కింద నాలుగు, పని కింద నాలుగు, మనసు కింద మూడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఏ ప్రశ్న ఎక్కడుందో వెతుక్కునే పని లేదు.

పదకొండో రోజుకి ఆ ఫారం తెరవడం మానేసింది.

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు అనేదీ, మనిషి తనలో తాను అనుకునేదీ ఒకటే: బద్ధకం. ఆ మాట అన్యాయం. పొద్దున ఐదున్నరకు లేచి వంట చేసి, బస్సెక్కి, రోజంతా పిల్లలతో నిలబడి, చీకటి పడ్డాక ఇల్లు చేరిన మనిషి రాత్రి పదిన్నరకు 31 ప్రశ్నలకు జవాబులు రాయలేకపోతే అది బద్ధకం ఎట్లా అవుతుంది? లోపం ఫారంలో ఉంది. ప్రశ్నలను విషయాల వారీగా పేర్చి, ఆ వరుసలోనే, ఒకే కూర్చోడంలో అడగడంలో ఉంది. విషయాల వారీగా విడగొట్టడం తప్పేమీ కాదు, అది లేకపోతే నెలాఖరుకి చేతిలో మిగిలేది అంకెల గుట్ట. అయితే ఆ పని చేయాల్సిన చోటు వేరే ఉంది.

చిట్టా, ఆవర్జా

ఈ తేడా పాతకాలపు వ్యాపారులకు బాగా తెలుసు. శనక్కాయల మండీలో గానీ, బట్టల కొట్లో గానీ గుమాస్తా ముందు రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా. అందులో ఏది ముందు జరిగితే అది ముందు. పదింటికి హమాలీ కూలి, పదకొండింటికి బస్తాలు అమ్మితే వచ్చిన డబ్బు, పన్నెండింటికి బండి కిరాయి. వచ్చింది వచ్చినట్టు రాసుకుంటూ పోవడమే. రెండోది ఆవర్జా. గిరాకీ తగ్గాక, తీరిగ్గా కూర్చుని చిట్టాలో రాసిన ఒక్కోదాన్నీ దాని పద్దులోకి ఎక్కించేవాడు. కూలి ఖర్చుకి ఒక పేజీ, కిరాయికి ఒక పేజీ, అప్పు పెట్టిన ఒక్కో రైతుకీ ఒక్కో పేజీ. ఫలానా రోజు ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చిట్టా తిప్పాలి. ఏడాది మొత్తం మీద కిరాయికి ఎంత పోయిందని అడిగితే ఆవర్జా తెరవాలి. రైతు బస్తాలతో గుమ్మంలో నిలబడి ఉండగా ఆవర్జా ముందేసుకుని, కూలి పేజీ అయ్యాక నీ దగ్గరికొస్తానని ఏ గుమాస్తా అనడు.

తన గురించి తాను రాసుకునే లెక్కలకూ ఈ రెండు పుస్తకాల పద్ధతే పనికొస్తుంది. జవాబు ఏ వేళకు తెలుస్తుందో ఆ వేళకు అడగాలి. అది పొద్దు. జవాబులు పోగయ్యాక వాటిని విషయాన్ని బట్టి సర్దుకుని చదవాలి. అది పద్దు. టీచరమ్మ ఫారంలో పద్దు ఒక్కటే ఉంది. పొద్దు మొత్తాన్నీ తెచ్చి రాత్రి పదిన్నర దగ్గర కట్టేసింది.

దాని ఫలితం జవాబుల్లో కనిపిస్తుంది. నిద్ర కింద ఉన్న "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?" అనే ప్రశ్ననే తీసుకోండి. రాత్రి పదిన్నరకు దీనికి జవాబు రాసేసరికి ఆమె నిద్రలేచి పదిహేడు గంటలు దాటింది. మధ్యలో రెండు బస్సు ప్రయాణాలు, ఆరేడు పీరియడ్లు, ఒక వంట అయిపోయాయి. రాసేది జ్ఞాపకం కాదు, అంచనా. తిండి దగ్గరా అంతే. బడిలో ఎవరో పుట్టినరోజని పంచిన చాక్లెట్లు, స్టాఫ్ రూంలో తిన్న రెండు మిక్చర్ పిడికిళ్లు రాత్రికి గుర్తుండవు, షుగర్‌కి మాత్రం లెక్కకొస్తాయి. ఇక "ఈ రోజు మనసు ఎలా ఉంది?" అనే ప్రశ్నకు పడే జవాబు ఆ రోజుది కాదు, ఆ చివరి గంటది. పదింటికి కొడుకుతో మార్కుల గురించి గొడవైతే, పొద్దున బడిలో ఎంత నవ్వుకున్నా ఆ రోజంతా "బాగాలేదు" అయిపోతుంది.

మనస్తత్వ పరిశోధకులకు ఈ ఇబ్బంది ఎప్పుడో ఎదురైంది. 1970ల్లో షికాగోలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయీ తన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లకు పేజర్లు ఇచ్చారు. అది ఎప్పుడు మోగితే అప్పుడు, ఉన్నచోటే, ఏం చేస్తున్నారో, ఎలా ఉందో రాయాలి. 2004లో డేనియల్ కానమన్, ఆయన సహచరులు ఇంకో దారి చూపించారు: నిన్నటి రోజును ముందు సంఘటనలుగా విడగొట్టుకుని, లేచింది మొదలు ఒక్కో ఘట్టాన్నీ గుర్తు చేసుకుంటూ, ఆ ఘట్టంలో ఎలా ఉందో రాయడం. రెండు పద్ధతులూ పొద్దును పట్టుకుని నడిచేవే. విషయాల వారీ లెక్క తర్వాత, కాగితాలు చేతికొచ్చాక వేసుకున్నారు.

నీళ్లు ఒక్కటే, గడియారాలు మూడు

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ నేల మీదే ఉంది. 2000 తర్వాతి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో భూగర్భజలాలను రైతులే గమనించుకునే పథకం ఒకటి నడిచింది. ఆ ఏడింటిలో అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఉన్నాయి. ఊళ్లో వర్షమాపకం పెట్టారు. వాన పడిందా, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది రైతులే రోజూ రాసేవారు. ఎంపిక చేసిన బోర్లలో నీళ్ల మట్టం 15 రోజులకోసారి కొలిచేవారు. ఖరీఫ్ అయిపోయి రబీ మొదలయ్యే ముందు అందరూ కూర్చుని, భూమిలోకి ఎన్ని నీళ్లు ఇంకాయి, ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాల్లో ఏ పంట వేయొచ్చు అని పంట నీటి బడ్జెట్ వేసుకునేవారు. లెక్కలు బోర్డు మీద రాసి అందరికీ కనపడేట్టు పెట్టేవారు.

ఇందులో విషయం ఒకటే: నీళ్లు. అడిగే వేళలు మాత్రం మూడు. వాన ప్రశ్న రోజుది, ఎందుకంటే నిన్నటి వాన ఇవాళ్టికి మాపకంలోంచి కొంత ఆవిరైపోతుంది. బోరు ప్రశ్న పక్షానిది, ఎందుకంటే భూమిలో నీళ్ల మట్టం ఒక్కరోజులో చెప్పుకోదగ్గంత మారదు, రోజూ కొలిస్తే తాడు అరగడం తప్ప తెలిసేదేమీ ఉండదు. పంట ప్రశ్న ఏడాదిది, ఎందుకంటే నిర్ణయం తీసుకునేది అప్పుడే. ఈ మూడింటినీ "నీళ్లు" అనే ఒకే శీర్షిక కింద పెట్టి రోజూ అడిగి ఉంటే రైతులు కూడా పదకొండో రోజుకి మానేసేవారు. అనంతపురం లాంటి చోట ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. అది కొద్ది రోజుల్లోనే పడుతుంది, మిగతా రోజులన్నీ సున్నాలే.

ఆ సున్నాల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. వాన పడని రోజు రైతు పుస్తకంలో సున్నా వేస్తే, మాపకం దగ్గరికి వెళ్లి చూశాడనీ వాన లేదనీ అర్థం. గడి ఖాళీగా ఉంటే ఆ రోజు ఎవరూ చూడలేదని అర్థం. సొంత లెక్కల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. "ఈ రోజు బయట తిన్నానా?" అన్నచోట ఖాళీ ఉంటే తినలేదనా, రాయలేదనా? మనిషి బాగా అలిసిపోయిన రోజునే రాయడం మానేస్తాడు. బయట తినేదీ ఎక్కువగా ఆ రోజే. ఖాళీలన్నింటినీ సున్నాలుగా లెక్కేస్తే, చెడ్డ రోజులన్నీ మంచి రోజుల కింద జమ అవుతాయి. అందుకే ప్రతి పద్దులోనూ "లేదు", "రాయలేదు" వేరుగా ఉండాలి. నోటుబుక్కులో అయితే సున్నా ఒకదానికి, అడ్డగీత ఒకదానికి.

రోజు, పక్షం, ఏడాది అన్న ఈ తేడాను డాక్టర్లు కూడా తమ ప్రశ్నల్లోనే కట్టిపెట్టారు. దిగులు ఎంతుందో అంచనా వేయడానికి 2001 నుంచి వాడుకలో ఉన్న పీహెచ్‌క్యూ-9 లో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. ప్రతి ప్రశ్నా "గత రెండు వారాల్లో" అనే అడుగుతుంది. పిట్స్‌బర్గ్ నిద్ర ప్రశ్నావళి గత నెలను అడుగుతుంది. హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చూపించేది సుమారు రెండు మూడు నెలల షుగర్ సగటును. వీటిలోంచి ప్రశ్నలు ఏరుకుని "మనసు", "నిద్ర" అని శీర్షికలు పెట్టి రోజూ అడగడం ఇప్పుడు చాలామంది చేస్తున్న పని. రెండు వారాల ప్రశ్నను రోజు ప్రశ్నగా మార్చాక ఆ మార్కులకు డాక్టరు చెప్పే అర్థం ఉండదు. అది ఇక వేరే ప్రశ్న. అలాంటివి అడగదలిస్తే రెండు వారాలది రెండు వారాలకోసారి, నెలది నెలకోసారి, ఉన్నవి ఉన్నట్టుగా అడగాలి. మార్కులు ఎక్కువ వస్తే ఫోన్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నీరసం ఏ పద్దు?

ఇప్పుడు పద్దుల సంగతికి వద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే పద్దుల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు యాప్‌ల నుంచి దిగుమతి అవుతున్నాయి. ఫిజికల్ హెల్త్, మెంటల్ హెల్త్, న్యూట్రిషన్, ఫైనాన్స్, ప్రొడక్టివిటీ. వీటిని తెలుగులోకి మార్చుకుని వాడితే ఏమవుతుందో "నీరసం" అనే ఒక్క మాటతో చూడొచ్చు.

"ఈ రోజు నీరసంగా ఉంది" అని టీచరమ్మ రాసింది. నిద్ర చాలక కావచ్చు. షుగర్ పడిపోయి కావచ్చు, పెరిగి కావచ్చు. మధ్యాహ్నం డబ్బా సరిగా తినకపోవడం వల్ల కావచ్చు. మే నెల ఎండలో బస్టాండులో ముప్పావు గంట నిలబడి కావచ్చు. ఏ కారణమూ లేని దిగులుకి కూడా మన ఇళ్లలో నీరసమనే అంటారు. మనసు బాగాలేదని చెప్పడం కన్నా నీరసంగా ఉందని చెప్పడం తేలిక. ఒక్క మాటలో ఇన్ని విషయాలు ముడిపడి ఉంటే దాన్ని ఆరోగ్యం కింద పడేసి ఊరుకోవడం వల్ల మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. "వేడి చేసింది" అన్న మాటా అలాంటిదే. దాంట్లో తిండి ఉంది, ఎండ ఉంది, నిద్ర లేకపోవడం ఉంది, నోటిపూత ఉంది. "గ్యాస్" అన్నదీ అంతే, "టెన్షన్" అన్నదీ అంతే.

ఈ మాటల్ని అశాస్త్రీయమని తీసిపారేయడం పెద్ద తప్పు. మనిషి తన ఒంటిని గమనించేది ఈ మాటలతోనే. ఆ మాట వదిలేసి ఫారంలో "శక్తి స్థాయి 1 నుంచి 10" అని పెడితే ఎవరికీ లోపల్నుంచి జవాబు రాదు, ఏదో అంకె వేస్తారు. చేయాల్సిందల్లా మాటను మాటగానే ఉంచి, దాని పక్కన చిన్న ప్రశ్న ఒకటి చేర్చడం: నీరసం ఉందా, ఉంటే ఎన్ని గంటలప్పుడు మొదలైంది? ఆ వేళ తెలిస్తే చాలు. లేవగానే మొదలైతే నిద్ర పేజీతో కలిపి చూడాలి. పదకొండింటికి మొదలైతే టిఫిన్‌తో, సాయంత్రం బస్సు దిగాక అయితే ఎండతో, మధ్యాహ్నం నీళ్లు తాగే తీరుతో. పద్దు తేల్చలేని చోట పొద్దు తేలుస్తుంది.

జవాబుల్లో కూడా మన మాటల తత్వం తెలిసి ఉండాలి. "బాగుంది, పర్వాలేదు, బాగాలేదు" అని మూడు గడులు పెడితే పదింటికి ఎనిమిది రోజులు "పర్వాలేదు" పడుతుంది. మన పలకరింపుల్లో పర్వాలేదు అన్నది జవాబు కాదు, మర్యాద. జ్వరంతో మంచం మీదున్న మనిషి కూడా పర్వాలేదనే అంటాడు. కాబట్టి మనసు పద్దులో తీర్పు అడగడం కన్నా జరిగింది అడగడం మేలు: ఈ రోజు ఎవరి మీదైనా అరిచానా? ఎవరితోనైనా పని లేకుండా ఊరికే కాసేపు మాట్లాడానా? అన్నం తింటున్నప్పుడు రుచి తెలిసిందా? వీటికి అవును, కాదు అని చెప్పడం తేలిక, మర్యాద అడ్డు రాదు.

తిండి పద్దులో దిగుమతి సరుకు మరీ ఇబ్బంది పెడుతుంది. యాప్‌లో ఓట్స్ ఉంటాయి, బ్రెడ్ ఉంటుంది, సలాడ్ మూడు రకాలు ఉంటుంది. ఉగ్గాని ఉండదు, సంగటి ఉండదు, ఊరుబిండి మాటే ఉండదు. అనంతపురం మనిషి ఉగ్గాని, బజ్జీ తిన్న రోజు ఏ గడి నొక్కాలి? చివరికి "ఇతరాలు" నొక్కుతాడు. నెలాఖరుకి చూస్తే తిన్నదాంట్లో సగం ఇతరాలే. రాగి సంగటి, జొన్న రొట్టె, తెల్లన్నం అని మూడు గడులు పెట్టుకుంటే షుగర్ ఉన్నవాళ్లకి అదే ఎక్కువ పనికొస్తుంది.

లెక్కకు రాని పని

పద్దుల పేర్లు సరిగా ఎంచుకుంటే అంతవరకూ కనిపించనిది కనిపిస్తుంది. దీనికి మంచి ఆధారం ప్రభుత్వం చేసే సమయ వినియోగ సర్వే. దేశమంతటా ఇది మొదట 2019లో, మళ్లీ 2024లో జరిగింది. ఆరేళ్లు దాటినవాళ్లు నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఇవాళ నాలుగింటి దాకా ఏం చేశారో సర్వేవాళ్లు ఇంటికొచ్చి అడిగి అరగంటల చొప్పున రాసుకుంటారు. అంటే అడగడం పూర్తిగా పొద్దు ప్రకారం. ఆ తర్వాత అధికారులు ఆ పనులకు ఐక్యరాజ్యసమితి 2016 వర్గీకరణ ప్రకారం నంబర్లు వేసి తొమ్మిది పెద్ద పద్దుల్లోకి ఎక్కిస్తారు. జీతం, కూలి, వ్యాపారం ఒక పద్దు. ఇంటి వాడకానికి చేసే ఉత్పత్తి, అంటే నీళ్లు మోయడం, కట్టెలు తేవడం, పశువుల్ని చూసుకోవడం లాంటివి ఒకటి. వంట, ఊడ్చడం, ఉతకడం ఒకటి. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడం ఒకటి. సేవ, చదువు, నలుగురితో కలవడం, వినోదం, చివరికి నిద్ర, స్నానం, తిండి.

"ఇంట్లోనే ఉన్నా, ఏం పని చేయలేదు" అనే ఆడమనిషి రోజు ఈ పద్దుల్లోకి ఎక్కేసరికి రూపమే మారిపోతుంది. 2024 సర్వేలో జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చించినట్టు, చేసిన మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చించినట్టు తేలింది. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టే ఇల్లాలు ఆ పనిని పని కింద చెప్పుకోదు, చేతి సాయం అంటుంది. అడిగిన వరుసలోనే "పని" అని శీర్షిక పెట్టి "ఈ రోజు ఎన్ని గంటలు పని చేశారు?" అంటే ఆమె సున్నా రాస్తుంది. "పది నుంచి పదిన్నర దాకా ఏం చేశారు?" అంటే కండెలు చుట్టానని రాస్తుంది. పద్దు పేరు ముందే కనిపిస్తే జవాబు ఆ పేరుకు లొంగిపోతుంది.

టీచరమ్మ ఫారంలోనూ ఇదే జరిగింది. పని కింద ఉన్న నాలుగు ప్రశ్నలూ బడి గురించే. పొద్దున వంట, సాయంత్రం వంట, అత్తగారికి మందులు ఏ పద్దులోనూ లేవు. "ఎందుకు నడవలేదు?" అన్న ప్రశ్న మాత్రం ఆరోగ్యం కింద ఉంది. లేని తీరికకు రోజూ సంజాయిషీ రాసుకోవాల్సి వస్తే ఎవరికైనా ఫారం తెరవబుద్ధి కాదు.

పక్క ప్రశ్న నీడ

శీర్షికల వారీగా అడగడంలో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ముందున్న ప్రశ్న తర్వాతి జవాబును పట్టి లాగుతుంది. 1988లో ఫ్రిట్జ్ స్ట్రాక్, లెనార్డ్ మార్టిన్, నార్బర్ట్ ష్వార్జ్ ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి బాగా పేరుపొందింది. అమెరికా కాలేజీ విద్యార్థుల్ని జీవితం ఎంత సంతోషంగా ఉందని ముందు అడిగి, ప్రేమ వ్యవహారాల గురించి తర్వాత అడిగితే రెండు జవాబుల మధ్య సంబంధమే లేదు. వరుస తిప్పి అడిగితే గట్టి సంబంధం కనిపించింది. రెండు జవాబులూ ఎంతగా కలిసి నడుస్తాయో చూపే సహసంబంధ గుణకం (సున్నా అంటే సంబంధం లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం) మైనస్ 0.12 నుంచి 0.66 కి ఎగబాకింది. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఇంత తేడా ప్రతిసారీ రాలేదు. అయినా డబ్బు పద్దు ముందు పెట్టి, బాకీలన్నీ గుర్తు చేసుకున్న వెంటనే మనసెలా ఉందని అడిగితే ఏం రాస్తారో ఊహించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పంట పెట్టుబడికి అప్పు తెచ్చిన ఇంట్లో అయితే అసలే అక్కర్లేదు. మనసు ప్రశ్న ఎప్పుడూ ఆ పూట ప్రశ్నల్లో మొదట ఉండాలి.

గడుల కొలతలు కూడా జవాబును మారుస్తాయి. 1985లో జర్మనీలో టీవీ ఎంతసేపు చూస్తారని అడిగారు. అరగంటతో మొదలై రెండున్నర గంటల పైన అని ముగిసే గడులిస్తే రెండున్నర గంటలు మించి చూస్తామన్నవాళ్లు 16.2 శాతం. గడులు రెండున్నర గంటలతో మొదలై పైకి పోతే వాళ్లు 37.5 శాతం. ఫోన్ ఎంతసేపు చూశానన్న ప్రశ్నకు గడులు పెట్టకుండా ఫోన్ చూపించే నిమిషాలే రాసుకోవడం మంచిది.

31 ప్రశ్నలను విడగొడితే

ఆ ఫారాన్ని మళ్లీ ముందేసుకుందాం. ఒక్కో ప్రశ్ననూ పట్టుకుని మూడు సంగతులు చూడాలి: జవాబు ఏ వేళకు తెలుస్తుంది, ఎన్నాళ్లకోసారి మారుతుంది, మారితే ఏం చేస్తాం. మూడోదానికి సమాధానం లేకపోతే ఆ ప్రశ్న తీసేయడమే. "టీ ఎన్ని కప్పులు?" అన్నదానికి రోజూ రెండే అని రాస్తుంటే, అది ఒకసారి రాసి పెట్టుకోవాల్సిన సంగతి, రోజూ అడగాల్సింది కాదు. ఇలా చూస్తే పది ప్రశ్నలు పోతాయి.

మిగిలిన 21లో రోజూ అడగాల్సినవి 11. పొద్దున మంచం దిగకముందు నాలుగు: రాత్రి ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఒళ్లు తేలిగ్గా ఉందా బరువుగా ఉందా, డాక్టరు చూడమన్న రోజైతే పరగడుపు షుగర్ ఎంత. సాయంత్రం బస్సులో సీటు దొరికాక మూడు: ఇప్పుడు మనసెలా ఉంది, మధ్యాహ్నం నుంచి ఏమేం తిన్నాను, చేతిలోంచి ఎంత పోయింది. ఫోన్‌పే చూస్తే ఈ చివరిదానికి గుర్తు చేసుకునే పని కూడా ఉండదు. రాత్రి నాలుగు: ఇప్పుడు మనసెలా ఉంది, మాత్ర వేసుకున్నానా, ఎన్నింటికి ఏం తిన్నాను, ఎంతసేపు నడిచాను. ఒక్కో పూటకి నిమిషం పట్టదు. వారానికోసారి అడిగేవి ఆరు ఆదివారం పొద్దునకు, అందులో బరువు ఉంది, బడి పని ఇంటికి తెచ్చిన రోజులెన్ని అన్నది ఉంది. నెలకోసారి అడిగే నాలుగూ డబ్బువే: చీటీ, మందుల ఖర్చు, అప్పు, మిగిలింది.

పద్దులు ఎక్కడికి పోయాయి? ప్రతి ప్రశ్న నంబర్‌లో ఉన్నాయి. నిద్ర-1, నిద్ర-2, ఒళ్లు-1, తిండి-2, మనసు-1. అడిగేటప్పుడు ఇవి కంటికి ఆనవు. జవాబులు షీట్‌లోకి చేరాక నంబర్‌ను బట్టి కాలమ్‌లు పక్కపక్కన పెట్టుకుంటే ఆవర్జా సిద్ధం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒళ్లు, తిండి పేజీలు మాత్రం తీసుకెళ్లొచ్చు, డబ్బు పేజీ ఇంట్లోనే ఉంటుంది. రెండు పద్దులకు చెందే ప్రశ్న వస్తే, ఉదాహరణకు రాత్రి భోజనం వేళ తిండిదా నిద్రదా అన్న తర్జనభర్జన వస్తే, జవాబు చూసి మార్చుకునేది దేన్నో ఆ పద్దులో వేయాలి. ఆమె మార్చగలిగేది భోజనం వేళనే, నిద్రను కాదు. కాబట్టి అది తిండి-2.

ప్రశ్నలన్నింటికీ ఒక జాబితా విడిగా ఉండాలి. నంబరు, పద్దు, ప్రశ్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఏ పూట, మొదలైన తేదీ, ఆపిన తేదీ. ఇది చాదస్తంగా కనిపిస్తుంది గానీ దీని విలువ ఆరు నెలలకు తెలుస్తుంది. "ఎంత నడిచాను" అన్నదాన్ని మధ్యలో "వ్యాయామం చేశానా" అని మారిస్తే నంబరు కూడా మారాలి. పాత నంబరు కిందే కొత్త మాట పెడితే మార్చి అంకెలూ జూలై అంకెలూ ఒకే వరుసలో నిలబడి, నడక తగ్గిందో ప్రశ్న మారిందో తెలియకుండా పోతుంది.

అన్ని పద్దులనూ ఏడాది పొడవునా ఒకే లోతుకు తవ్వనక్కర్లేదు కూడా. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలో తన నడవడిక కోసం 13 గుణాల పట్టిక గీసుకున్నాడు. రోజుకో నిలువు గడి, గుణానికో అడ్డ గడి, తప్పు జరిగితే నల్ల చుక్క. అయితే వారానికి ఒక్క గుణం మీదే గట్టిగా దృష్టి పెట్టేవాడు. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. ఈ ఆలోచన టీచరమ్మకూ పనికొస్తుంది. పరీక్షల నెలలో డబ్బు ప్రశ్నలు ఆపేసి నిద్ర మీద రెండు ఎక్కువ అడగొచ్చు. పెళ్లిళ్ల నెలలో తిండి, డబ్బు పట్టుకుని నడక వదిలేయొచ్చు.

ఇక "ఇతరాలు". ఈ పద్దు వద్దనుకుంటారు చాలామంది, ఉంటే లెక్క చెడిపోతుందని. ఉండాలి. రోజూ ఒక వాక్యం, ఏ గడిలోనూ పట్టనిది రాసుకోవడానికి. అన్ని పద్దులకన్నా శ్రద్ధగా చదవాల్సింది దాన్నే, ఎందుకంటే ఫారం తయారు చేసిన రోజు తట్టనిదంతా అక్కడికే వచ్చి చేరుతుంది. టీచరమ్మ రెండో ఫారం నెల రోజులు నడిచిందనుకుందాం. ఇతరాల్లో "బస్సు లేటు" అన్న మాట పదమూడు సార్లు ఉంది. ఆ పదమూడు రోజుల్నీ తిండి-2 పక్కన పెడితే, పదకొండు రోజుల్లో రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాటింది. నిద్ర-2 పక్కన పెడితే, మెలకువలు రెండుకు తగ్గలేదు. ఆరోగ్యం, నిద్ర, మనసు అని ఎన్ని శీర్షికలు పెట్టుకున్నా వాటిలో దేనికీ చెందని సంగతి ఇది. జాబితాలో కొత్త పద్దు ఒకటి చేరుతుంది: దారి-1, ఇంటికి ఎన్నింటికి చేరాను, సాయంత్రం పూట, మొదలు ఒకటో తేదీ. దాని పక్కనే, చేయబోయే పని కోసం ఉంచిన గడిలో: లేటైన రోజు తినడానికి బ్యాగులో రెండు జొన్న రొట్టెలు.